వాన చూశాకే ఉప్పు

ఆయన పేరు నేనిక్కడ రాయను. మరిచిపోయి కాదు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఒకసారి ఆ పేరుని ఆయన్ని అడక్కుండా కాగితం మీద పెట్టి, మనిషిని జైలు గుమ్మం దాకా తీసుకెళ్ళాను. అంత జరిగాక మళ్ళీ రాశానంటే నా అంత బుద్ధిలేనివాడు ఇంకొకడుండడు.

మొన్న సంతరోజున శృంగవరపుకోటలో, తాలూకా కచేరీ ఎదుట నేను అర్జీలు రాసుకునే మా ఇంటి అరుగు ముందు ఒక మన్నెం మనిషి వచ్చి నిలబడింది. తలమీద బుట్ట, బుట్టనిండా సీతాఫలాలు.

"నన్ను పోల్చనేదేటి బాబూ?" అంది.

మొహం పోల్చలేదు, గొంతు పోల్చాను. ఆరేళ్ళ కిందట అనంతగిరి మీద చూసినప్పుడు పెళ్ళికాని పిల్ల. ఆయన మేనకోడలు. పోడు కొట్టుకోనివ్వడం లేదని అర్జీ రాయించుకోడానికి కొండ దిగి వచ్చింది.

"మీ మావ ఎలా ఉన్నాడే?" అన్నాను.

"మావ పోనాడు బాబూ. ఈ యేడు వానలు పడకముందే పోనాడు" అంది, బుట్ట దించుకుంటూ.

రాస్తున్న అర్జీ మీద ఇంత సిరా చుక్క పడింది. ఆ అర్జీ తాలూకు షావుకారు "ఏటండీ ఇది!" అని లేచాడు. అతనికి వేరే కాగితం మీద రాసిచ్చి పంపించి, ఆ అమ్మాయిని అరుగు మీద కూర్చోబెట్టాను. ఆమె అర్జీ రాయడానికి కొత్త కాగితం తీశాను.

ఆరేళ్ళ కిందట నేను రోడ్డు కంట్రాక్టరు దగ్గర మస్తరు గుమాస్తాని. మస్తరంటే కూలీల హాజరు పుస్తకం. అనంతగిరి మీంచి అరకు లోయలోకి బండ్లబాట వేస్తున్నారు. పొద్దున్నే క్యాంపులో వేలాడదీసిన రైలుపట్టా ముక్కని ఠంగుఠంగుమని కొట్టేవారు. కూలీలందరూ వరసలో నిలబడితే నేను పేర్లు పిలుస్తూ గీతలు పెట్టేవాణ్ణి. మొదటిరోజే చూశాను, గెడ్డకి, అంటే కొండవాగుకి, అవతల ఒక బండమీద పొట్టిమనిషి ఒకడు కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. అది అడ్డచుట్ట, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చేది. వాన పడినా ఆరదట. ఆఖరి పేరు పిలిచి నేను పుస్తకం మూసేదాకా ఆయన గెడ్డలో కాలు పెట్టలేదు. మూశాక తీరిగ్గా దిగి, దాటి వచ్చాడు.

ఆలస్యంగా వచ్చిన కూలీ అనుకున్నాను. పుస్తకం మళ్ళీ తెరిచి, "నీ పేరేంటి?" అన్నాను, కాస్త దర్జాగానే.

నేనేదో ఆయన గోచీగుడ్డ అడిగినట్టు చూశాడు. "నా పేరు నీకెందుకు? నీ పేరు నానడిగినానా?" అన్నాడు.

వెనకనుంచి కంట్రాక్టరు పకపకా నవ్వాడు. "ఆణ్ణొదిలీ గుమాస్తా. ఆడు మన మస్తర్లో మనిషి కాడు. ఆడు గాటు పెట్టందే ఈ కొండోళ్ళు పార వెయ్యరు" అన్నాడు.

గాటంటే ఏమిటో తర్వాత తెలిసింది. రోడ్డు ఏ ఒడ్డున పోవాలో, ఎక్కడ మలుపు తిరగాలో ఆయన ముందుగా వెళ్ళి చూసి, గొడ్డలితో చెట్లమీద గుండెలెత్తున గాట్లు పెట్టేవాడు. అంతవరకే ఆయన పని. ఆ గాట్ల వెంట తవ్వడం మిగతావాళ్ళది. ఆయన తండ్రీ అదే పని చేశాడట, కాలిబాటలకి. వాళ్ళు గాటు పెట్టిన చోట కొండ విరిగి ఎవరూ చచ్చిపోలేదని చుట్టుపక్కల గూడేలన్నిటికీ నమ్మకం. గాటు లేని చోట తవ్వమంటే రెట్టింపు కూలి ఇస్తానన్నా కదిలేవారు కాదు.

ఆయన కొండని చూసే తీరు ఒక వేడుక. ఏమీ చేసేవాడు కాదు. ఒకే చరియ ఎదురుగా ఒక రోజంతా కూర్చునేవాడు. కొంచెం మట్టి తీసి నాలిక మీద వేసుకునేవాడు. తన ఆనపబుర్రలోంచి ఇంత అంబలి నేలమీద పోసి, అది ఎంతసేపట్లో ఇంకుతుందో చూసేవాడు. నేను ఒకసారి పక్కన కూర్చుని ఏం చూస్తున్నావని అడిగితే, చెట్ల మొదళ్ళు చూపించాడు. అక్కడ చెట్లన్నీ అడుగున వంగి, ఆ తర్వాత నిటారుగా లేచాయి.

"మోకాలు వంచినాయి సూడు. నేల కదిలిపోతంటే సెట్టు కాలు తన్నిపెట్టి నిలబడతాది. ఇక్కడ తవ్వినామంటే అంతా మీద పడతాది" అన్నాడు.

నేను అంతవరకూ వెయ్యి చెట్లు చూసి ఉంటాను. ఒక్కదాని మోకాలైనా చూడలేదు.

కంట్రాక్టరుకి ఆ కూర్చోవడం చూస్తే ఒళ్ళు మండేది. "రెండ్రోజుల్నించి కూకుని ఏటి సేత్తన్నావు?" అని అరిచేవాడు.

"కొండ సూత్తన్నాను."

"సూడ్డానికేటుంది? బేగి కానీ!"

"బేగి కావాలంటే నువ్వే సూడు" అనేవాడాయన. కోపంగా కాదు, మామూలుగానే. ఎవరినైనా నువ్వనే అనేవాడు. కంట్రాక్టరైనా, దొరైనా, నేనైనా ఆయనకి నువ్వే.

క్యాంపులో పచ్చి మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. తన అంబలి తను తెచ్చుకునేవాడు. ఒకరోజు కంట్రాక్టరుకి కొడుకు పుట్టాడని వేటపోతుని కోశారు. కూలీలంతా ఆకులు పరుచుకుని కూర్చున్నారు. మసాలా వాసనకి నాకే నోరూరిపోతుంటే, ఈయన గెడ్డ అవతల తన బండమీద కూర్చుని బుర్ర ఎత్తి అంబలి తాగుతున్నాడు. ఏమైనా కులం పట్టింపేమో అనుకుని అడిగాను.

"అదేటీ నేదు. ఆడి బువ్వ తింటే రేపు నా నోట్లోంచి ఆడి మాటే వస్తాది. కొండ మాట రాదు" అన్నాడు.

ఇక ఆయన తీసుకునే ప్రతిఫలం వింటే మీరు నవ్వుతారు. ఒక గెడ్డనుంచి ఇంకో గెడ్డదాకా దారి చూపిస్తే ఒక మానిక ఉప్పు. అదైనా పని అయిన వెంటనే పుచ్చుకునేవాడు కాదు. ఆ రోడ్డు మీద ఒక వానాకాలం పూర్తిగా గడవాలి. రోడ్డు నిలిస్తే వచ్చి ఉప్పు పట్టుకెళ్ళేవాడు. నిలవకపోతే లేదు. "వాన సూసినాక తీసుకుంటాను" అనేవాడు. కంట్రాక్టరు ఆ మాట అందరికీ చెప్పి, పిచ్చిమాలోకం అని నవ్వేవాడు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

ఆయన తప్పు చెయ్యలేదని కాదు. ఒక మలుపు దగ్గర ఆయన లెక్క తప్పింది. మొదటి పెద్దవానకే నీళ్ళు రోడ్డు మీదికెక్కి సగం కోసుకుపోయాయి. ఎవరూ కబురు పెట్టలేదు. తెల్లారేసరికి తనే వచ్చి, పాత గాట్ల పైన కొత్త గాట్లు పెట్టాడు. అంతటితో ఊరుకోలేదు. మూడు రోజులు వానలో తడుస్తూ నీళ్ళు పోయే కాలవ తన చేత్తో తవ్వాడు. కూలీలు సాయం వస్తే కూడా రానివ్వలేదు. ఎందుకయ్యా ఈ బాధ అంటే, "నాను సెప్పిన దారి. మీరు తవ్వినారు, మీ తప్పేటుంది?" అన్నాడు. ఆ గెడ్డ తాలూకు ఉప్పు ఆయన ఎప్పటికీ తీసుకోలేదు.

ఇంకోసారి కాలికి ముల్లు దిగి నడవలేకపోతే, మేనకోడలి చేతికి గొడ్డలిచ్చి పంపాడు. కంట్రాక్టరు గంతులేశాడు. "గుంటని పంపుతాడేటి? ఇదేటి ఆటా?" అని. ఆ పిల్ల మధ్యాహ్నం దాకా చరియ చూసింది, మట్టి నాలిక మీద వేసుకుంది, గాట్లు పెట్టింది. కూలీలు గాటు చూశారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు, పార వేశారు. మర్నాడు ఆయన కుంటుకుంటూ వచ్చి ఆ గాట్లన్నీ వేలితో తడిమి చూసుకుని, "గాటు నాదే" అన్నాడు. తప్పొస్తే నాది పూచీ అని దాని అర్థం.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి.

శ్రావణమాసం. అనంతగిరి మీద అప్పుడు సూర్యుడు అనేవాడొకడున్నాడన్న సంగతే మరిచిపోతాం. ఆయనకి మన్యం జ్వరం వచ్చింది. గెడ్డ పొంగడంతో ఇంటికి పోలేక మా క్యాంపు వెనక గడ్డిపాకలో పడి ఉన్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి, ఒంటిమీద గోచీ తప్ప ఏమీ లేదు. ఆ వారమే కూలీలకి కంబళ్ళు పంచుతున్నారు. అవి ఊరికే ఇచ్చేవి కావు, కూలిలో ముందస్తు కింద ఇచ్చేవి. మస్తర్లో పేరుండి, పక్కన వేలిముద్ర వేసినవాడికే కంబళి. నా మనసు కరిగిపోయింది. ఆయన పేరు తోడుగా ఉన్న మేనకోడలిని అడిగి తెలుసుకుని మస్తర్లో రాశాను. వేలిముద్ర గడిలో నా ఎడమచేతి బొటనవేలు సిరాలో ముంచి వేశాను. కంబళి తెచ్చి, ఒళ్ళెరగకుండా పడుకున్న మనిషి మీద కప్పాను. ఆ రోజు నేనెంత పుణ్యం చేశానో అని మురిసిపోయి, రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను కూడా.

ఆశ్వయుజంలో పని ఎర్రచరియ దగ్గరకొచ్చింది. అక్కడ చరియ మధ్యనుంచి కోసుకుపోతే కంట్రాక్టరుకి అరమైలు తవ్వకం కలిసొస్తుంది. ఆయన రెండు రోజులు చూసి, చరియని వదిలేసి, చుట్టూ తిప్పి గాట్లు పెట్టాడు. కంట్రాక్టరు మొదట బతిమాలాడు, తర్వాత తిట్టాడు. ఆయన గొడ్డలి భుజాన వేసుకుని ఇంటికెళ్ళిపోయాడు. ఎర్రచరియ మీద గాటు లేదు కాబట్టి కూలీలు పారలు కిందపెట్టి కూర్చున్నారు.

నాలుగోరోజున కంట్రాక్టరు నా బల్లమీది మస్తరు తిరగేస్తూ, ఒక చోట వేలు పెట్టి ఆగాడు. మొహం వెలిగిపోయింది. "ఇదేటి, ఈడు మన కూలీయేనా! కంబళి కూడా తీసుకున్నాడే!" అన్నాడు.

అప్పట్లో ఒక చట్టం ఉండేది, ఇప్పుడు తీసేశారు. ముందస్తు పుచ్చుకుని పని మానేసిన కూలీని మేజిస్ట్రేటు ఎదుటికి పిలిపించి, మళ్ళీ పనిలోకి తోలించొచ్చు. కాదంటే జైలు. సొంతంగా పని ఒప్పుకుని చేసేవాడి మీద అది చెల్లదు, కూలీ మీదే చెల్లుతుంది. కంట్రాక్టరు ఆలోచన పసిపిల్లవాడికైనా అర్థమవుతుంది. ఆయన కూలీ అని తేలితే, ఎర్రచరియ మీద గాటు పెట్టమని హుకుం చెయ్యొచ్చు. ఆయన పెడితే కూలీలు తవ్వుతారు. చరియ విరిగి మీద పడితే చచ్చేది వాళ్ళు. పెట్టకపోతే ఆయన జైలుకి పోతాడు. కొండమనిషిని నాలుగు గోడల మధ్య పెడితే ఎన్నాళ్ళు బతుకుతాడు?

చెప్పేద్దామనుకున్నాను. కానీ దొంగ వేలిముద్ర వేసింది నేనని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది, కేసు కూడా పెట్టొచ్చు. ఇంటిదగ్గర అమ్మ, భార్య, చంటిది నా జీతం మీద ఉన్నారు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ వారం గడిపాను. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను, భయపడ్డాను.

మేజిస్ట్రేటు అధికారం ఉన్న డిప్టీ తాసీల్దారు మకాం వచ్చి బంగళా వరండాలో విచారణ పెట్టాడు. తాసీల్దారుకి దారిలో జలగలు పట్టాయి. అందుకని కాళ్ళు రెండూ ఉప్పునీళ్ళ బేసిన్‌లో పెట్టుకుని కూర్చున్నాడు. కంట్రాక్టరు ఒకపక్క, మస్తరు పట్టుకుని నేను ఒకపక్క. మెట్లకింద ఆయన, ఆయన పక్కన మేనకోడలు. ఆ పిల్ల చేతిలో మడతపెట్టిన కంబళి.

"ఏమోయ్, పొద్దున్నే పనికి రమ్మని నీకెవరు చెప్తారు?" అని అడిగాడు తాసీల్దారు.

"ఎవులు సెప్తారు? పొద్దు సెప్తాది."

"ఆ గొడ్డలి ఎవరిది?"

"మా అయ్యది. పిడి నానేసినాను."

"ఇదిగో ఈ చెట్టుకి గాటు పెట్టు అని కంట్రాక్టరు చెప్తే?"

"ఆడు సెప్తే ఆడే పెట్టుకోవాల. ఆడికీ సెయ్యుంది గదా."

తాసీల్దారు మీసాల్లో నవ్వుకున్నాడు. "నీకు ఒంట్లో బాగుండకపోతే?"

"దీన్ని పంపుతాను" అని మేనకోడలిని చూపించాడు. "పంపినాను."

"నువ్వు చూపించిన దారి పాడైపోతేనో?"

"మల్లీ నానే తవ్వుతాను. ఉప్పు తీసుకోను."

తాసీల్దారు కంట్రాక్టరు వైపు తిరిగాడు. "మీ కూలీ తవ్విన గట్టు కూలిపోయిందనుకోండి. వాడి కూలి ఎగ్గొడతారా?"

"ఎలా ఎగ్గొడతానండి? వాడు నేను చెప్పినట్టే తవ్వాడు కదండీ" అన్నాడు కంట్రాక్టరు, తన మంచితనం కనబడాలని. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"మరి ఇతను మీ మాట వినడు, మీ గంటకి రాడు, మీ పనిముట్టు పట్టడు, తన బదులు ఇంకొకరిని పంపుతాడు, చెడితే నష్టం తనే భరిస్తాడు. ఏ మూల కూలీ అయ్యాడు ఇతను?"

"చిత్తం. తమరు మస్తరు చూడాలండి. పేరుందండి, ముందస్తు కంబళి ఉందండి, వేలిముద్ర ఉందండి. నోటిమాటకేముందండి, కాగితం చూడండి" అని నా చేతిలో పుస్తకం లాక్కుని బల్లమీద పరిచాడు.

తాసీల్దారు నవ్వు ఆగిపోయింది. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "ఇది నువ్వు వేశావా?" అని అడిగాడు.

"నానెయ్యనేదు."

"కంబళి తీసుకున్నావా?"

"జొరంలో ఉన్నప్పుడు ఎవులో కప్పినారు."

"ఎవరు?"

ఆయనకి తెలుసు. మేనకోడలు చెప్పే ఉంటుంది. నావైపు ఒక్కసారి చూసినా నేను అక్కడే కూలబడేవాణ్ణి. చూడలేదు. బేసిన్‌లో తాసీల్దారు కాళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు. "మంచికే కప్పినారు. పేరెందుకు?" అన్నాడు.

నేను పేరు రాసి ఆయన్ని ఇరికించాను. నా పేరు చెబితే ఆయన బయటపడతాడు. చెప్పడం లేదు! "నేనండి. నేనే రాశానండి. వేలిముద్ర నాదండి" అన్నాను. ఏడుపొచ్చేసింది. ముప్పయ్యేళ్ళవాణ్ణి, అందరిముందూ ముక్కు చీదుకుంటూ బొటనవేలు చాపాను. చిన్నప్పుడు పెన్సిలు చెక్కుతూ కోసుకున్న మచ్చ ఆ వేలికి అడ్డంగా ఉంది. తాసీల్దారు సిరా తెప్పించి, పక్కన ఇంకో ముద్ర వేయించాడు. రెండిట్లోనూ తెల్లగీత ఒకే చోట పడింది.

తాసీల్దారు బేసిన్‌లోంచి కాళ్ళు తీసి తుడుచుకున్నాడు. "కూలీ తన రోజు అమ్ముకుంటాడు. ఆ రోజున ఏం చెయ్యాలో కొన్నవాడు చెప్పొచ్చు. ఇతను తనకి తెలిసిన మాట చెప్పి పోయేవాడు. ఇష్టమైతే వినండి, లేకపోతే మానండి. నాకిష్టమైన మాటే చెప్పు అని మాత్రం అనకూడదు" అన్నాడు కంట్రాక్టరుతో. కేసు కొట్టేశాడు. నాకేసి చూసి, "నిన్ను దయ తలిచానో, నీ దయకి జడిశానో నాకే తెలీడం లేదు. కొండ దిగిపో" అన్నాడు.

సాయంత్రంలోగా కంట్రాక్టరు నా పెట్టె బయట పెట్టించాడు. కూలీలు ఎర్రచరియ మీద పార వెయ్యనే లేదు. ఆఖరికి రోడ్డు ఆయన గాట్ల వెంటే, చుట్టూ తిరిగి పోయింది.

మర్నాడు పొద్దున్నే పెట్టె నెత్తిన పెట్టుకుని గెడ్డ దాటుతుంటే, ఆయన బండమీద కూర్చుని ఉన్నాడు, అడ్డచుట్టతో. కృతజ్ఞత చెబుతాడేమో, నేను వద్దనాలేమో అని ఏవేవో మాటలు కూర్చుకుంటూ దగ్గరకెళ్ళాను.

"నన్నడక్కుండా నా పేరెందుకు రాసీసినావు?" అన్నాడు.

"నీకు చలేస్తుంటే చూడలేకపోయాను" అన్నాను.

"కంబళి కప్పు. కాదన్నానా? నీ కంబళి కప్పు. ఆడిది తెచ్చి, నా పేరు పెట్టి కప్పినావు. మా అయ్య పేరు ఏ పుస్తకంలోనూ నేదు, నా పేరూ నేదు. నువ్వు పెట్టినావు." గొంతు పెద్దది చెయ్యలేదు. నేను తల వంచుకున్నాను. దయ చూపించేముందు మనిషిని అడగాలని నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

తిట్టడం అయిపోయాక లేచి, నా పెట్టె తన నెత్తికి మార్చుకుని ముందు నడిచాడు. బండ్లబాటన కాదు, తన దారిన. జలగల్లేవు, జారుడు లేదు, మధ్యాహ్నానికల్లా కింద మామిడితోటలు కనబడ్డాయి. అక్కడ పెట్టె దించాడు.

"ఇప్పుడేటి సేస్తావు?" అని అడిగాడు.

"తెలీదు. రాయడం తప్ప ఏమీ రాదు నాకు."

"అయితే రాయి. ఆడు సెప్పిందీ, ఈడు సెప్పిందీ కాదు. నీకు తెలిసింది రాయి."

"దారి చూపించావు. నీకేమివ్వను?" అన్నాను.

ఆయన అప్పటికే వెనక్కి తిరిగాడు. "వాన సూసినాక" అన్నాడు.

అలా నేను ఈ అరుగు మీద కూర్చున్నాను. నా బల్ల, నా కలం, నా సిరా. షావుకార్లు నెలజీతమిస్తాం, మా అర్జీలే రాయమంటారు. మొదటి రెండేళ్ళు ఇంట్లో గంజి కాగిన రోజున కూడా ఒప్పుకోలేదు. దొంగ కాగితం రాయనన్నానని ఇద్దరు ముగ్గురు నా అరుగు కూడా తవ్వించబోయారు. ఆ మాటకొస్తే భయం పోలేదు, ఉంది. కానీ రాయలేదు.

మూడో ఏడు కార్తీకంలో ఒక సంతరోజున ఆయన ఎదురుగా నిలబడ్డాడు. చెట్ల మొదళ్ళు చూసినట్టే నా బల్ల చూశాడు, రాసిపెట్టిన కాగితాలు చూశాడు, వరసలో కూర్చున్న మనుషుల్ని చూశాడు. పొద్దెక్కేదాకా అరుగు చివర కూర్చునే ఉన్నాడు. నేను ఎప్పుడూ చెయ్యనంత జాగ్రత్తగా రాశాను ఆ పూట. చివరికి లేచి, పైపంచె కొంగు చాపాడు.

"ఉప్పు పొయ్యి బాబూ. దారి నిలిచినాది" అన్నాడు.

నేను లోపలికి పరిగెత్తాను. మానిక నిండా పోసి తెచ్చి ఆయన కొంగులో పోశాను. ఇంకో మానిక పోయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. నా జన్మలో నాకు దొరికిన పెద్ద బిరుదు ఆ అడ్డం పెట్టిన చెయ్యి. కళ్ళు తుడుచుకుంటూ, "ఎర్రచరియ జారిందా?" అని అడిగాను.

"నేదు. ఇంకా నిలబడే ఉంది" అన్నాడు. కాస్త ఆగి, "జారకపోతే నాది తప్పే. మీసేత అరమైలు ఊరికే తిప్పినట్టే. అందుకే దాని ఉప్పు తీసుకోనేదు" అని నవ్వి వెళ్ళిపోయాడు. అదే ఆఖరుసారి చూడడం.

ఇవన్నీ తలుచుకుంటూనే ఆ అమ్మాయి అర్జీ పూర్తిచేసి, చదివి వినిపించాను. బాగుందంది. నాకు రెండు సీతాఫలాలు పెట్టి, బుట్ట ఎత్తుకోబోతూ, ఎవరో చుట్టాల సంగతి చెప్పినట్టు అంది:

"అన్నట్టు, ఎర్రసరియ జారిపోనాది బాబూ. భాద్రపదంలో. సెట్లూ బండలూ అన్నీ గెడ్డలోకి ఒచ్చీసినాయి. కింద ఎవులూ నేరు. బళ్ళు మావ దారంట ఎల్తన్నాయి."

ఆమెని ఆగమని చెయ్యి చూపించి, లోపలికెళ్ళి మానిక తీశాను. నిండా కొలిచాను, పైన చేత్తో సమం చేశాను. తెచ్చి ఆమె బుట్టలో ఆకు పరిచి పోశాను.

"ఇదెందుకు బాబూ?" అంది.

"మీ మావది. వాన చూసింది" అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఉప్పుకేసి చూసింది. ఆకు నాలుగు కొసలూ మడిచి, నార కట్టి, జాగ్రత్తగా బుట్ట అడుగున పెట్టుకుంది.